చాటింపు లెక్క: ఒక కబురును నెట్‌వర్కు అంతటికీ తక్కువ శ్రమతో చేర్చే పద్ధతి

నెల్లూరు జిల్లాలో సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదులుతున్నారని తెలియగానే, లేదా తుపాను దిశ మార్చుకొని మన తీరం వైపు తిరిగిందని తెలియగానే, ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల గుంటల మీద కాపలా ఉన్న ప్రతి మనిషికీ ఆ కబురు చేరాలి. ఒకచోట పుట్టిన కబురును అందరికీ చేర్చే ఈ పనిని కంప్యూటర్ నెట్‌వర్కుల శాస్త్రంలో బ్రాడ్‌కాస్టింగ్ అంటారు. మన ఊళ్లలో దీనికి చాటింపు అన్న మాట ఏనాటి నుంచో ఉంది. మాట పాతదే గాని దాని వెనుక ఉన్న లెక్క చాలామందికి తెలియదు. రైతుల బృందం ఒకదానికి ముందు ఫోన్ల గొలుసును, ఆ తరువాత గుంటల గట్ల మీద చిన్న రేడియోల నెట్‌వర్కును అమర్చే పనిలో కొన్నేళ్లుగా ఉన్నవాణ్ణి కనుక, ఆ లెక్కను మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను.

వేగంగా పనిచేసే పరికరం కొంటే కబురు వేగంగా చేరుతుందనుకోవడం ఈ పనిలో సాధారణంగా జరిగే మొదటి పొరపాటు. నేనూ అదే చేశాను. నిజానికి ఎవరు ఎవరికి ముందు చెబుతారు, ఎవరు అసలు నోరు మెదపకుండా ఊరుకుంటారు అన్న రెండు నిర్ణయాల మీదే ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మొదటి అడుగు: మీది ఫోనా, టముకా?

ఫోను చేసేవాడు ఒక సమయంలో ఒక్కరితోనే మాట్లాడగలడు. టముకు వేసేవాడు ఒక్కసారి కొడితే వీధి వీధంతా వింటుంది, కాని రెండు టముకులు ఒకేసారి మోగితే ఎవరేం చెబుతున్నారో ఎవరికీ అర్థం కాదు. తీగల మీద నడిచే నెట్‌వర్కులు, ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు సాగే పంపకాలు మొదటి రకానివి. రేడియోలు, వైఫై, గాలిలో నడిచే ప్రతిదీ రెండో రకానివి. మొదటి రకంలో కబురు తెలిసి కూడా ఖాళీగా కూర్చున్నవాడి వల్ల నష్టం, రెండో రకంలో అవసరం లేకుండా నోరు తెరిచినవాడి వల్ల నష్టం. ఒకదానికి పనికివచ్చే ఉపాయం రెండోదాన్ని చెడగొడుతుంది కాబట్టి, కాగితం మీద గీత గీయకముందే ఈ ప్రశ్నకు జవాబు రాసుకోవాలి. రెండూ కలిసిన నెట్‌వర్కు అయితే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ లెక్క విడిగా కట్టాలి.

రెండో అడుగు: ఉన్న లంకెలను మాత్రమే గీయండి

ప్రతి స్థానానికీ ఒక చుక్క పెట్టండి. ఒక స్థానం మరొక స్థానానికి నేరుగా చెప్పగలిగితే ఆ రెండు చుక్కలను గీతతో కలపండి. ఇక్కడ నిజాయితీ అవసరం. సెల్లులో నంబరు ఉన్నంత మాత్రాన లంకె ఉన్నట్టు కాదు. రాత్రి రెండు గంటలకు ఎత్తే నంబరే లంకె. అలాగే నెట్‌వర్కు స్విచ్ (కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె) వెనుక తీగ ఉన్నంత మాత్రాన కాదు, ఆ తీగ గుచ్చినచోట దీపం వెలుగుతుంటేనే లంకె.

మూడో అడుగు: ఇంతకంటే తగ్గదు అన్న హద్దు కనుక్కోండి

ఫోను రకంలో ఒక దఫాకు, అంటే ఒక ఫోను పట్టే సమయానికి, ఒకరు ఒక్కరికే చెప్పగలరు కనుక, కబురు తెలిసినవారి సంఖ్య ఒక్కో దఫాలో మహా అయితే రెట్టింపవుతుంది. మొదట ఒకరు, తరువాత ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది, పదహారు మంది. అందువల్ల 13 స్థానాలకు 4 దఫాల కంటే తక్కువలో కబురు చేర్చడం ఎవరి తరమూ కాదు. 1,000 స్థానాలకు 10 దఫాలు తప్పవు. మరో హద్దు కూడా ఉంది: మొదలైనచోటి నుంచి అందరికంటే దూరాన ఉన్న స్థానానికి ఎన్ని లంకెలు దాటాలో, కనీసం అన్ని దఫాలు పడతాయి. రెండింటిలో పెద్దది మీ హద్దు. ఈ అంకె చేతిలో ఉంటే, తరువాత వేసుకునే ప్రణాళికలో ఇంకా తగ్గించడానికి చోటుందా లేదా అన్నది తెలుస్తుంది. లేకపోతే ఎప్పుడు ఆపాలో తెలియక రాత్రంతా గీతలు గీస్తూ కూర్చోవలసి వస్తుంది.

నాలుగో అడుగు: ఆకుల నుంచి పైకి లెక్క కట్టి వరుస నిర్ణయించండి

అసలు పని ఇక్కడ ఉంది కనుక, ఒక ఉదాహరణను పూర్తిగా చేసి చూపుతాను. కబురు నెల్లూరులో పుడుతుందనుకుందాం. నెల్లూరు నుంచి కోవూరుకు, ఇందుకూరుపేటకు, ముత్తుకూరుకు లంకెలు ఉన్నాయి. కోవూరు నుంచి కొడవలూరుకు, విడవలూరుకు. కొడవలూరు నుంచి అల్లూరుకు, అల్లూరు నుంచి బోగోలుకు, బోగోలు నుంచి కావలికి ఒకదాని తరువాత ఒకటిగా గొలుసు. విడవలూరు నుంచి రామతీర్థానికి, ఇందుకూరుపేట నుంచి మైపాడుకు, గంగపట్నానికి, ముత్తుకూరు నుంచి కృష్ణపట్నానికి. మొత్తం 13 స్థానాలు, 12 లంకెలు. బయలుదేరిన చోటికే మరో దారిన తిరిగి వచ్చే చక్రం ఎక్కడా లేదు కాబట్టి ఇది చెట్టు.

ప్రతి స్థానం దగ్గర ఒక అంకె రాయాలి. ఆ స్థానానికి కబురు అందిన క్షణం నుంచి దాని కింద ఉన్నవారందరికీ చేరడానికి ఇంకా ఎన్ని దఫాలు కావాలన్నది ఆ అంకె. కింద ఎవరూ లేని కావలి, రామతీర్థం, మైపాడు, గంగపట్నం, కృష్ణపట్నం ఆకులు. వాటి అంకె 0. పైవాటికి సూత్రం ఇది: పిల్లల, అంటే నేరుగా తన కింద ఉన్న స్థానాల, అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేర్చి, మొదటిదానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 3 కలుపుకుంటూ పోయి, వచ్చిన మొత్తాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకోవాలి. ఆ లెక్కన బోగోలు 1, అల్లూరు 2, కొడవలూరు 3, విడవలూరు 1, ముత్తుకూరు 1. ఇందుకూరుపేటకు పిల్లలు ఇద్దరూ 0 కనుక 1, 2 వస్తాయి, పెద్దది 2. కోవూరుకు పిల్లలు 3, 1, కలిపితే 4, 3, పెద్దది 4. నెల్లూరుకు పిల్లలు 4, 2, 1. కలిపితే 5, 4, 4. కాబట్టి జవాబు 5 దఫాలు.

ఫోను చేయవలసిన వరుస కూడా ఆ పేర్పులోనే ఉంది. నెల్లూరు ముందు కోవూరుకు, తరువాత ఇందుకూరుపేటకు, చివర ముత్తుకూరుకు చెప్పాలి. కోవూరు ముందు కొడవలూరుకు చెప్పి, ఆ తరువాతే విడవలూరుకు చెప్పాలి. ఇదే చెట్టులో వరుస తిరగబడితే ఏమవుతుందో చూడండి. నెల్లూరు ముందు ముత్తుకూరుకు, తరువాత ఇందుకూరుపేటకు, మూడోసారి కోవూరుకు చెప్పి, కోవూరు ముందు విడవలూరుకు చెబితే, కావలికి కబురు 8వ దఫాలో గాని చేరదు. ఒక్కో ఫోనుకు 3 నిమిషాలు వేసుకుంటే 15 నిమిషాల పని 24 నిమిషాలవుతుంది. ఫోన్లు అవే, మనుషులు అవే, లంకెలూ అవే. ముత్తుకూరులో మేనమామ ఉన్నాడని ముందు అక్కడికి ఫోను చేయడం మామూలుగా జరిగే పనే. మేనమామ కిందెవరూ లేకపోతే ఆయన చివర విన్నా నష్టం లేదని లెక్క చెబుతుంది.

చెట్లకు ఈ పద్ధతి కచ్చితమైన జవాబు ఇస్తుందని స్లేటర్, కాకెయిన్, హెడెట్నియెమీ అనే ముగ్గురు 1981లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించారు. చక్రాలున్న సాధారణ గ్రాఫులకు (చుక్కలు, గీతల పటాలకు) మాత్రం కనీస దఫాలు కనుక్కోవడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య, అంటే అన్ని సందర్భాల్లోనూ త్వరగా జవాబు చెప్పే పద్ధతి ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు. చిన్న నెట్‌వర్కులో దానికి భయపడనక్కరలేదు. చక్రంలో ఏదో ఒక లంకెను వాడనట్టుగా కొట్టివేస్తే చెట్టు మిగులుతుంది. ఏ లంకెను కొట్టివేస్తే అంకె తగ్గుతుందో రెండు మూడు రకాలుగా చేసి చూడడమే.

ఐదో అడుగు: ఒక్క లంకె ఎక్కడ కలిపితే మేలో చూడండి

పై ఉదాహరణలో రెట్టింపు లెక్క ఇచ్చే హద్దు 4, కానీ కావలికి 5 లంకెలు దాటాలి కనుక దూరం ఇచ్చే హద్దు 5, వచ్చిందీ 5. అంటే ఉన్న లంకెలతో ఇంకా తగ్గదు, తగ్గాలంటే కొత్త లంకె కావాలి. నాలుగో దఫా ముగిసేసరికి కావలికి తప్ప అందరికీ కబురు చేరిపోయింది. మరోవైపు, మూడు ఫోన్లు ముగించిన నెల్లూరు నాలుగో దఫాలో ఖాళీగా ఉంది. నెల్లూరు దగ్గర కావలి నంబరు ఒక్కటి ఉంటే ఆ ఖాళీ దఫాలో నేరుగా చెప్పవచ్చు, పని 4 దఫాల్లో ముగుస్తుంది. అంతకంటే తగ్గదని మూడో అడుగులోనే తెలుసు కనుక, ఇక కొత్త నంబర్ల కోసం వెతకవలసిన పని లేదు. కావలి అందరికంటే దూరం కదా, దానికి చివర ఫోను చేయడమేమిటని మొదట నాకే వింతగా అనిపించింది. దూరం ముఖ్యం కాదు, వారి కింద మిగిలి ఉన్న పని ముఖ్యం.

అదే లంకె మరో మేలు కూడా చేస్తుంది. కబురు ఎప్పుడూ నెల్లూరులోనే పుట్టదు. పాత చెట్టులో కావలిలో పుట్టిన కబురు అందరికీ చేరడానికి 8 దఫాలు పట్టేది. ఈ నంబరు కలిశాక 5 చాలు. అందుకే లెక్కను ఒక్క మూలం నుంచే కాక, కబురు పుట్టే అవకాశం ఉన్న ప్రతి స్థానం నుంచీ కట్టి చూడాలి.

కొత్తగా నెట్‌వర్కు కట్టేవారికి దీని తరువాతి ప్రశ్న: ఎవరు మొదలుపెట్టినా కనీస దఫాల్లోనే పూర్తి కావాలంటే ఎన్ని లంకెలు కావాలి? స్థానాలు 16 అయితే అందరినీ అందరితో కలపడానికి 120 లంకెలు పడతాయి, కాని 32 చాలు. వాటిని ఎలా కలపాలన్నది సులభమే. స్థానాలకు 0 నుంచి 15 వరకు అంకెలు వేసి, వాటిని సున్నాలు, ఒకట్లతో నాలుగు స్థానాల ద్విసంఖ్యలుగా రాయండి. ఒక్క స్థానంలో మాత్రమే తేడా ఉన్న రెండింటిని కలపండి. మొదటి దఫాలో మొదటి అంకె తేడా ఉన్నవారికి, రెండో దఫాలో రెండో అంకె తేడా ఉన్నవారికి చెప్పుకుంటూ పోతే, ఎవరు మొదలుపెట్టినా 4 దఫాల్లో పని ముగుస్తుంది. దీన్ని హైపర్‌క్యూబ్ అంటారు. తమాషా ఏమిటంటే 15 స్థానాలకైతే 24 లంకెలే చాలు. ఒక్క స్థానం పెరిగినందుకు ఎనిమిది లంకెలు ఎక్కువ కావాలి.

ఆరో అడుగు: సందేశం బరువు చూడండి

ఇంతవరకు కబురు చిన్నదనుకున్నాం. గాలుల పటం, వీడియో, కంప్యూటర్లకు పంపే సాఫ్ట్‌వేర్ వంటివైతే లెక్క తలకిందులవుతుంది. ఒక ఫైలును 60 ముక్కలు చేశారనీ, ఒక్కో ముక్క ఒక లంకె దాటడానికి ఒక సెకను పడుతుందనీ అనుకుందాం. ఫైలు మొత్తం అందాకే తరువాతివారికి పంపే పద్ధతిలో, మన 4 దఫాల చెట్టుకు 240 సెకన్లు పడుతుంది. అదే 13 యంత్రాలను ఒకే వరుసలో గొలుసుగా నిలబెట్టి, ఒక ముక్క అందగానే తరువాతివారికి పంపుతూ, అదే సమయంలో వెనుక నుంచి మరో ముక్క అందుకుంటూ పోతే, మొదటి ముక్క 12వ సెకనుకు చివరకు చేరుతుంది, మిగిలిన 59 ముక్కలు సెకనుకొకటి చొప్పున దాని వెంట వస్తాయి. మొత్తం 71 సెకన్లు.

ఇల్లు కప్పేటప్పుడు మనుషులు వరుసగా నిలబడి పెంకులు అందించుకునే పద్ధతే ఇది. సందేశం ఒక్క ముక్కే అయితే చెట్టుకు 4, గొలుసుకు 12. మూడు ముక్కలైతే 12కు 14. నాలుగు ముక్కలైతే 16కు 15, అక్కడి నుంచి గొలుసుదే గెలుపు. చిన్న కబురుకు చెట్టు, పెద్ద ఫైలుకు ముక్కల పద్ధతి అన్నది సూపర్ కంప్యూటర్లలో సందేశాలు పంచే ప్రోగ్రాములు కూడా పాటించే విభజన. గొలుసుకు ఒక్కటే బలహీనత, మధ్యలో ఒకరు ఆగితే వెనుక అందరూ ఆగుతారు.

ఏడో అడుగు: ఫోను ఎత్తనివాడి సంగతి

చెట్టులో కోవూరు ఫోను ఎత్తకపోతే విడవలూరు నుంచి కావలి వరకు ఎవరికీ కబురు ఉండదు. కాబట్టి ప్రతి స్థానం దగ్గర తన పిల్లల నంబర్లే కాక మనవల నంబర్లు కూడా ఉండాలి. పిల్లవాడు రెండుసార్లు ఎత్తకపోతే అతని పనిని తానే తీసుకోవాలి. అందిందన్న మాట ఆకుల నుంచి మాత్రమే వెనక్కి రావాలి, మధ్యవారు తమ కిందివారందరి జవాబూ వచ్చాకే పైకి ఒక్క జవాబు పంపాలి. అలా కాక అందరూ నెల్లూరుకే జవాబు చెప్పబోతే, కబురు పోయిన దారిలోనే జవాబుల రద్దీ మొదలవుతుంది.

స్థానాలు వందలు, వేలు ఉండి, ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలియని చోట చెట్టును వదిలేయడమే మంచిది. కబురు తెలిసిన ప్రతి యంత్రమూ ప్రతి దఫాలో ఎవరో ఒకరిని చీటీ తీసినట్టు ఎంచుకొని చెబుతుంది. వింతగా కనిపించినా ఇది బాగా పనిచేస్తుంది: 1,000 యంత్రాలకు హద్దు 10 దఫాలైతే, ఈ పుకారు పద్ధతిలో సగటున సుమారు 18 దఫాల్లో అందరికీ చేరిపోతుంది. ఎనిమిది దఫాలు ఎక్కువ పడితే పడ్డాయి, ఏ ఒక్క యంత్రం చెడిపోయినా కబురు ఆగదు. పెద్ద డేటాబేస్‌లలో సర్వర్లు ఒకదాని సంగతి ఒకటి తెలుసుకోవడానికి ఇలాంటి పద్ధతులను వాడుతున్నారు.

ఎనిమిదో అడుగు: చక్రాలున్న తీగలలో కబురు తిరుగుతూ ఉండిపోకుండా చూడండి

లెక్కలేవీ వద్దు, అందినవాడు అందరికీ చెప్పేస్తే సరిపోదా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. వరదలా వదిలే ఆ పద్ధతికి మూడు కట్టుబాట్లు తప్పనిసరి: ప్రతి సందేశానికీ పుట్టినచోటి పేరు, వరుస సంఖ్య ఉండాలి, ఒకసారి చూసిన సంఖ్యను గుర్తుపెట్టుకొని మళ్లీ వస్తే పారేయాలి, వచ్చిన దారిన తిరిగి పంపకూడదు. వీటితో పాటు ఎన్ని లంకెలు దాటాక చచ్చిపోవాలో చెప్పే అంకె కూడా సందేశంలో ఉంటే మేలు. ఇన్ని పాటించినా ఖర్చు తక్కువేమీ కాదు. లంకెల సంఖ్యను రెట్టింపు చేసి, స్థానాల సంఖ్య తీసివేసి, ఒకటి కలిపితే మొత్తం పంపకాలు వస్తాయి. 13 స్థానాలను అన్నిటినీ అన్నిటితో కలిపితే 78 లంకెలు, 144 పంపకాలు. 12 పంపకాలతో అయ్యే పని అది.

కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్ స్విచ్‌లలో ఈ కట్టుబాట్లు కూడా లేవు. ఈథర్‌నెట్ ఫ్రేములో (సందేశం మోసే మూటలో) ఆయుష్షు చెప్పే అంకె ఉండదు, మామూలు స్విచ్ చూసిన ఫ్రేమును గుర్తుపెట్టుకోదు. నేను పనిచేసిన ఒక కాలేజీ ల్యాబులో ఎవరో ఖాళీగా వేలాడుతున్న తీగ కొసను సర్దినట్టుగా అదే స్విచ్‌లో గుచ్చారు. రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉండడంతో ఒక్క బ్రాడ్‌కాస్టు ఫ్రేము ఆ చక్రంలో తిరిగి తిరిగి, కొన్ని క్షణాల్లో ల్యాబు మొత్తం స్తంభించింది. కారణం దొరికేసరికి మధ్యాహ్నమైంది. దీనికి మందు 1985లో కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకొని, చక్రాలు కట్టే లంకెలను పక్కనబెట్టి, చెట్టును మాత్రమే మిగుల్చుకుంటాయి. వాడుతున్న లంకె తెగితే పక్కనబెట్టినదాన్ని తిరిగి తెరుస్తాయి. మీ స్విచ్‌లో అది ఉందో లేదో, ఉంటే నడుస్తోందో లేదో చూడడం ఈ అడుగులో చేయవలసిన పని. చవక స్విచ్‌లలో చాలావాటికి అది ఉండదు.

తొమ్మిదో అడుగు: గాలిలో ఎవరు మౌనంగా ఉండాలో ఎంచండి

గుంటల గట్ల మీద ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోతే హెచ్చరించడానికి, తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను చాలా దూరం పంపే లోరా రేడియోలు పెట్టాం. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్స్ లేకుండా వీటిని వాడుకోవచ్చు. మొదట అన్ని స్తంభాలూ విన్న కబురును తిరిగి పలికేలా పెట్టాం, అదే తప్పయింది. లోరాలో బాగా దూరం వెళ్లే అమరికలో 20 బైట్ల సందేశం గాలిలో సుమారు 1.3 సెకన్లు ఉంటుంది. వేగమైన అమరికలో 57 మిల్లీసెకన్లు మాత్రమే. నలభై స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడకుండా వంతులవారీగా పలికినా, దూరపు అమరికలో ఒక్క కబురుకు 50 సెకన్లు దాటుతుంది. వంతులు లేకుండా పలికితే అసలు ఏదీ వినిపించదు. ఒకదానికొకటి వినిపించని రెండు స్తంభాలు ఒకేసారి పలికినప్పుడు మధ్యలో ఉన్న మూడోదానికి రెండూ చెడతాయి. ఆ పలికిన రెండింటికీ ఆ సంగతి తెలియదు కూడా.

పలికేవారిని ఇలా ఎంచుకోవాలి. ప్రతి స్తంభం దగ్గర ఒకసారి పలికించి, ఏయే స్తంభాలకు వినిపించిందో పట్టికలో రాయండి. సరుగుడు తోపు అడ్డం వచ్చినచోట పటం చెప్పేదానికీ చెవి చెప్పేదానికీ పొంతన ఉండదు, అందుకే నడిచి చూడాలి. మూలం పలకగానే విన్నవాటిలో, ఇంకా విననివాటిని ఎక్కువగా చేరగలిగే స్తంభాన్ని ఎంచండి; అది పలికాక మళ్లీ అదే ప్రశ్న వేసుకొని మరొకటి ఎంచండి. అన్నీ విన్నాయనగానే ఆపండి. మిగిలినవి వింటాయి, పలకవు. మాకు ఎత్తు స్తంభాలు ఆరు సరిపోయాయి. మరీ ముఖ్యమైన స్తంభానికి పలికేవి రెండు వినిపించేలా చూసుకుంటే, ఒకటి చెడినా రెండోది ఉంటుంది.

స్తంభాల చోట్లు తరచూ మారుతుంటే పట్టిక నిలవదు. అప్పుడు ప్రతి రేడియోకూ ఒకే నియమం పెట్టాలి: కబురు విన్నాక కొంత యాదృచ్ఛిక విరామం పాటించు, ఆ విరామంలో అదే కబురు ఇతరుల నోట మూడుసార్లు వినిపిస్తే నువ్వు పలకవద్దు. ఈ ఆలోచనను 1999లో వెలువడిన ఒక పరిశోధన లెక్కలతో సమర్థించింది. ఒకరు పలికిన తరువాత మరొకరు పలికితే కొత్తగా చేరే విస్తీర్ణం సగటున 41 శాతం, ఎంత అనుకూలించినా 61 శాతం. అప్పటికే నలుగురి నోట విన్నవాడు పలికితే సగటున 5 శాతం కూడా మించదు. ఆ కొసరు కోసం గాలిని ఆక్రమించడం దండగ. వైఫైలో కూడా ఇదే జాగ్రత్త అవసరం: బ్రాడ్‌కాస్టు ఫ్రేములు సాధారణంగా తక్కువ వేగంతో పోతాయి, అందిందన్న జవాబు వాటికి రాదు.

పదో అడుగు: వానలకు ముందు ఒకసారి నడిపి చూడండి

మన తీరానికి తుపానుల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఆ కాలంలోనిదే. కనుక సెప్టెంబరు ముగిసేలోపు, ఎవరికీ ముందుగా చెప్పకుండా, ఇది పరీక్ష అన్న మాటతో మొదలయ్యే ఒక చిన్న కబురు వదలండి. ప్రతి ఆకు దగ్గర అది చేరిన సమయాన్ని రాయించి, లెక్కలో వచ్చిన దఫాతో పోల్చండి. ఎక్కడ ఆలస్యమైందో అక్కడి నుంచి పైకి ఒక్కో స్థానాన్నీ అడుగుతూ వెళితే, మారిన నంబరో, తిరగబడిన వరుసో, ఛార్జింగ్ లేని బ్యాటరీయో దొరుకుతుంది. దాన్ని సరిచేసి, ఆ స్థానం నుంచి పైనున్న అంకెలన్నీ మళ్లీ కట్టి, కొత్త వరుసను ఫోను పక్కన గోడ మీద అంటించండి.